పిన్ని అని చెప్పాలి

ఆ ఉదయం మనవరాలు పిట్ట పాలు తాగనని మొండికేసింది. పాలు తాగితే మూతి మీద మీసం వస్తుందట. మీసంతో వెళ్తే వీసా ఇవ్వరట.

"ఎవరు చెప్పారే నీకు?" అంది అమ్మమ్మ.

"ఫొటో అంకుల్. నవ్వకూడదు, చెవులు కనిపించాలి, మొహం మీద ఏమీ ఉండకూడదు అన్నాడు."

"అది ఫొటోకి. ఇవాళ కాగితాలు ఇచ్చి రావడమే. గమ్మున తాగు."

"కాగితాలకి మీసం ఉండొచ్చా?"

పక్కగదిలో ఫైలు సర్దుకుంటున్న చిన్నకూతురు నవ్వాపుకోలేకపోయింది. ఆమె ఆసుపత్రిలో నర్సు. విదేశంలో పెద్ద ఆసుపత్రి ఒకటి ఆమెను ఉద్యోగానికి రమ్మంది. పిట్టను వెంట తెచ్చుకోవడానికి కూడా ఒప్పుకుంది. పిట్ట లేకుండా ఆమె ఎక్కడికీ వెళ్ళదన్న సంగతి అమ్మమ్మకు ముందే తెలుసు.

పిట్టను కన్నది నర్సు కాదు, ఆమె అక్క. కాన్పయిన వారంలోనే అక్క పోయింది. అప్పటినుంచి పిల్ల చిన్నదాని చేతుల్లోనే పెరిగింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి, కళ్ళు మూతలు పడుతున్నా పాలు పట్టేది. మాటలొచ్చాక పిట్ట ఆమెనే అమ్మా అంది. ఎవరూ నేర్పలేదు, ఎవరూ వద్దనలేదు. కోర్టు కూడా పిల్లకు ఆమెనే సంరక్షకురాలిగా రాసింది. బావను చేసుకుంటే సరిపోతుంది కదా అని బంధువులు సలహా ఇచ్చినప్పుడు, "నేను పెంచుతానన్నది అక్క బిడ్డని, అక్క మొగుణ్ణి కాదు" అని వాళ్ళ నోళ్ళు మూయించింది. బావ కూడా ఆ మాటకు ఊపిరి పీల్చుకున్నాడు. అతను లిఫ్టులు బాగుచేసే మెకానిక్. ఎక్కడ లిఫ్టు ఆగితే అక్కడికి పరుగెత్తే పని. ఆదివారం మాత్రం తప్పకుండా కూతురి దగ్గరకు వస్తాడు. పిల్లను విదేశం తీసుకెళ్తానని నర్సు చెప్పినప్పుడు బూటు లేసు కట్టుకుంటూ "నీ ఇష్టం" అన్నాడు. తల ఎత్తలేదు.

ముగ్గురూ బయల్దేరేముందు అమ్మమ్మ దీపం దగ్గర నిలబడి ఫైలును ఒకసారి కళ్ళకద్దుకుంది. దేవుడికి ఈ కాగితాలు అర్థమవుతాయో లేదో ఆమెకు తెలియదు. అర్థమయ్యేవాళ్ళకైనా మంచి బుద్ధి ఇవ్వమని అడిగింది.

వీసా కేంద్రంలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. జనం ఫైళ్ళను ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లల్ని పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నారు. తమ నంబరు పిలిచాక నర్సు గాజు కిటికీ ముందుకు వెళ్ళింది. పిట్ట చేయి పట్టుకుని అమ్మమ్మ వెనకాలే నిలబడింది.

కిటికీ అవతల కళ్ళజోడును దారంతో మెడలో వేసుకున్న గుమాస్తా కాగితాలు ఒక్కొక్కటే తిప్పుతూ అడిగింది. "పాప మీకేమవుతుంది?"

"కూతురండీ."

"పుట్టిన సర్టిఫికెట్‌లో తల్లి పేరు వేరే ఉందే."

"అది మా అక్కది. అక్క కూతురు."

"ఇప్పుడే కూతురన్నారు?"

"అక్క కూతురంటే కూతురే కదండీ."

గుమాస్తా కళ్ళజోడు తీసి చిన్నగా నవ్వింది. "మా ఇంట్లోనూ అంతేనమ్మా. మా అక్క కొడుకుని నేనూ మా వాడనే అంటాను. కానీ ఈ కాగితాలు చూసేవాళ్ళకి అలా కుదరదు. వాళ్ళ భాషలో అక్క కూతురికి వేరే మాట ఉంది. కూతురంటే మీరు కన్నట్టు. ఇదుగో, కోర్టు ఉత్తర్వులో మీరు సంరక్షకురాలు. ఫారంలో మీరు తల్లి. ఇది ఇలాగే పంపానంటే అబద్ధం చెప్పారని రాసేస్తారు. పాపదే కాదు, మీ వీసా కూడా పోతుంది."

"ఇప్పుడేం చేయాలండీ?"

"ఫారం మళ్ళీ నింపండి. పాప తండ్రి స్వయంగా వచ్చి పంపడానికి ఒప్పుకుంటున్నట్టు ఇక్కడే సంతకం పెట్టాలి. ఆయన రాకపోతే ఫైలు తీసుకోం. ఇంకోటి, పాపని కూడా ఒక మాట అడుగుతాం. మీరు ఏమవుతారో చెప్పాలి."

"అది నన్ను అమ్మనే అంటుంది."

"ఇంట్లో అననివ్వండి. ఇక్కడ మాత్రం అనకూడదు." గుమాస్తా ఫైలును కిటికీ కిందనుంచి వెనక్కి తోసింది. "సోమవారం రండి. ఆ తర్వాత అయితే మీ ఉద్యోగం తేదీకి వీసా అందదు."

ఆదివారం అల్లుడు వచ్చాడు. ఎప్పటిలాగే ముందు వాష్‌బేసిన్ దగ్గరకు వెళ్ళి గోళ్ళ సందుల్లోని గ్రీజు పోయేదాకా చేతులు రుద్దుకున్నాడు. ఆ చేతులు శుభ్రమయ్యాకే కూతుర్ని ముట్టుకుంటాడు. పిట్ట బొమ్మల పుస్తకం తీసుకుని అతని ఒళ్ళోకి ఎక్కింది.

"బావా, రేపు నువ్వు సెలవు పెట్టాలి" అంది నర్సు. సంగతంతా చెప్పింది. చెబుతున్నంతసేపూ అతను పుస్తకంలోంచి కళ్ళు తీయలేదు.

"పిట్టా, అమ్మమ్మతో వంటింట్లోకి వెళ్ళు" అన్నాడు చివరికి. పిల్ల లోపలికి పోయాక అడిగాడు. "ఫారంలో తల్లి పేరు దగ్గర ఎవరి పేరు రాశావు?"

"నాది."

"మరి మీ అక్క?"

"కావాలని రాశానా బావా? ఎప్పుడూ రాసే అలవాటున చేయి అలా పోయింది. స్కూల్లో, టీకాల దగ్గర, అన్నిచోట్లా నేనేగా రాసేది."

"అదే చెబుతున్నాను. స్కూల్లో నీ పేరు. ఆసుపత్రిలో నీ పేరు. పిల్ల నోట్లో నీ పేరు. నేనెప్పుడైనా కాదన్నానా? మీ అక్క పేరు ఆ పుట్టిన కాగితం ఒక్కదాన్లో మిగిలింది. దాన్ని పక్కన పెట్టుకునే ఇంకో కాగితంలో నువ్వు ఆ పేరు కొట్టేశావు."

"కొట్టేశానంటావేం? అక్క నీకేనా, నాకు కాదా?"

"నీకు అక్కే. కానీ పిల్లకి ఆవిడ ఏమవుతుందో ఈ ఇంట్లో ఎవరైనా చెప్పారా?"

నర్సు మాటకు మాట అనేసింది. "నువ్వు చెప్పకపోయావా? చెప్పడానికి నీకు తీరికెక్కడ? ఆదివారం నాన్నవి నువ్వు. సోమవారం జ్వరమొస్తే తడిగుడ్డ వేసేది ఎవరు? రేపు నువ్వు రాకపోతే నా ఉద్యోగం పోతుంది. పోనీ, పిల్లని ఇక్కడ వదిలి వెళ్ళమంటావా? ఏ లిఫ్టులో పెట్టుకుని పెంచుతావు?"

అతను లేచాడు. "నేను రాను. సంతకం పెట్టను" అని చెప్పులేసుకుని బయటికి వెళ్ళిపోయాడు. తలుపు వేసిన చప్పుడు గట్టిగా కూడా రాలేదు. దానికే అమ్మమ్మకు ఎక్కువ భయం వేసింది.

వంటింటి గుమ్మంలో నిలబడి ఆమె అన్నీ వింది. కూతురు తన వైపు చూసి "చూశావా అమ్మా ఆయన పంతం" అంది. అమ్మమ్మ చూపు మంచం వైపు పోయింది. పెద్దకూతురు పోయాక ఆమె బట్టలు, ఫొటోలు అన్నీ మూటకట్టి మంచం కింద పెట్టింది తనే. పసిదాని ముందు ఏడుపు తెచ్చుకోకూడదని అలా చేశాననుకుంది. అంత మూట కట్టమని దేవుడేమైనా చెప్పాడా అన్న ప్రశ్న ఇప్పుడు వచ్చింది.

అల్లుడు ఎక్కడికీ పోలేదు. కింద మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. అమ్మమ్మ మోకాళ్ళు పట్టుకుంటూ దిగి, పై మెట్టు మీద కూలబడింది.

"బాబూ, అది నోటిదురుసుది. మనసులో అంత లేదు."

"తెలుసు అత్తయ్యా. అది అన్నదాంట్లో అబద్ధమూ లేదు." అతను గోడకు తల ఆనించాడు. "పిల్ల వెళ్ళిపోయాక ఇక ఎవరికి చెప్పాలి అత్తయ్యా, దానికో తల్లి ఉండేదని? అక్కడ ఆ పిల్ల పెద్దదైపోతుంది. నేను ఫోన్లో చెప్పే సంగతి కాదిది."

"అయితే ఇవాళే చెప్పు. రేపు ఎలాగూ ఆ కిటికీలో పిన్ని అని చెప్పాలి కదా. ఎందుకు పిన్ని అనాలో తెలియకపోతే అది బొంకు నేర్పినట్టే అవుతుంది. బొంకు నేర్పి దాన్ని పంపడం నాకూ ఇష్టం లేదు."

అతను లేచి అత్తగారికి చేయి అందించాడు.

మంచం కింద మూట విప్పింది నర్సే. అక్క ఫొటో పైకి తీసి, తన కొంగుతో తుడిచి బావ చేతిలో పెట్టింది. క్షమించమని అడగలేదు. అతనూ ఎదురుచూడలేదు. పిట్టను ఒళ్ళో కూర్చోబెట్టుకుని, తెలిసిన చిన్న మాటల్లో చెప్పాడు. ఈవిడ నిన్ను కన్న అమ్మ. నువ్వు పుట్టగానే జబ్బు చేసి చనిపోయింది. అప్పుడు పిన్ని నిన్ను ఎత్తుకుంది.

పిట్ట ఫొటోను తిప్పి వెనక వైపు కూడా చూసింది. "పిన్ని ఎవరు?"

"అదుగో, ఆవిడే."

"ఆవిడ అమ్మ కదా."

నర్సు పిట్ట ఎదురుగా కూర్చుని అంది. "పిన్నినే. నిన్ను పెంచాను కాబట్టి అమ్మా అంటావు. రేపు అక్కడ అడిగితే మాత్రం పిన్ని అని చెప్పాలి."

ఆ సాయంత్రమంతా ఇంట్లో వీసా కేంద్రం నడిచింది. అమ్మమ్మ స్టూలు మీద కూర్చుని, దువ్వెనను మైకులా పట్టుకుని గుమాస్తా అయింది.

"ఏమ్మా, ఈవిడ నీకేమవుతుంది?"

"అమ్మ."

"వీసా లేదు, పో."

పిట్ట పకపకా నవ్వింది. మళ్ళీ వరసలో నిలబడింది. రెండోసారి "అమ్మ, కాదు కాదు, పిన్ని" అంది. చీకటి పడేసరికి తడుముకోకుండా, పాటలా చెప్పడం వచ్చేసింది. పిన్నీ పిన్నీ అని గదంతా తిరిగింది. నర్సు వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని, కడిగిన గిన్నెలే మళ్ళీ కడిగింది.

సోమవారం నలుగురూ వెళ్ళారు. అదే కిటికీ, అదే గుమాస్తా. దిద్దిన ఫారం, కోర్టు ఉత్తర్వు, అక్క మరణ ధ్రువపత్రం అన్నీ సరిచూసుకుని అల్లుణ్ణి ముందుకు పిలిచింది.

"మీ అమ్మాయిని ఈవిడతో విదేశానికి పంపడం మీకు ఇష్టమేనా?"

అతను కూతురి వైపు తిరిగాడు. అమ్మమ్మ కళ్ళు మూసుకుంది. వెనక ఎవరిదో ఫోన్ మోగి ఆగిపోయింది.

"మిమ్మల్నేనండీ. ఇష్టమేనా?"

"ఇష్టం లేదండీ" అన్నాడు. "ఒప్పుకుంటున్నాను."

గుమాస్తా తలెత్తింది. "అదేమిటండీ, అలా రెండు చెబితే ఎలా రాయను? బలవంతం ఏమైనా ఉందా?"

"బలవంతం లేదు. దీని దగ్గరైతేనే నా కూతురు బాగుంటుంది, అందుకని ఒప్పుకుంటున్నాను. అదే రాయండి. ఇష్టమని మాత్రం నా చేత చెప్పించకండి."

గుమాస్తా కొంచెంసేపు అతన్నే చూసి, కాగితం తిప్పి సంతకం పెట్టాల్సిన చోటు వేలితో చూపించింది. అతను పెన్ను పట్టుకున్నాడు. గోళ్ళు తెల్లగా ఉన్నాయి. పనిలోకి వెళ్ళకపోయినా ఇవాళ కూడా రుద్దుకుని వచ్చాడు.

నర్సు ఆ చేతినే చూస్తూ నిలబడింది. బావ అడ్డుపడుతున్నాడనే నిన్నటినుంచీ అనుకుంది. తను వెళ్ళిపోయాక అతను ఆదివారం పొద్దున ఎక్కడికి వెళ్తాడు అన్న ఆలోచన తనకు ఒక్కసారైనా రాలేదు. ఆదివారం నాన్న అని తను వెక్కిరించిన మనిషి ఆ ఒక్క రోజును కూడా సంతకం పెట్టి తనకిచ్చేస్తున్నాడు. "బావా" అంది నెమ్మదిగా.

అతను పిట్టను ఎత్తి కిటికీ అంచు మీద కూర్చోబెట్టాడు.

"పాపా, నువ్వు ఎవరితో వెళ్తున్నావు?" అని అడిగింది గుమాస్తా.

"ఈవిడతో."

"ఈవిడ నీకేమవుతుంది?"

"పిన్ని" అంది పిట్ట, కొంచెం కూడా తడబడకుండా. "మా అమ్మ చనిపోయింది. ఫొటో ఉంది."

"శభాష్" అంది గుమాస్తా. కాగితాల మీద ముద్రలు వేసి అన్నిటినీ ఒక కవర్లో పెట్టింది. "ఇక అడ్డేమీ లేదమ్మా. పాస్‌పోర్టులు ఇంటికే వస్తాయి."

అమ్మమ్మ అక్కడే నిలబడి దణ్ణం పెట్టుకుంది. దేవుడికో గుమాస్తాకో ఆమెకే స్పష్టంగా తెలియలేదు.

బయట ఎండ మండుతోంది. నలుగురూ గేటు పక్కన కాస్త నీడ చూసుకుని నిలబడ్డారు. పని అయింది, అయినా ఎవరి మొహంలోనూ తేలిక లేదు.

"పిన్నీ, దాహం" అంది పిట్ట.

సంచిలోంచి నీళ్ళ సీసా తీస్తున్న నర్సు చేయి ఆగిపోయింది. తను నేర్పిన మాటే. రాత్రంతా తప్పు పోకూడదని తను కోరుకున్న మాటే. ఏమీ కానట్టు మూత తిప్పబోయింది, తిరగలేదు.

అల్లుడు అది చూశాడు. కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "ఎవర్ని అడుగుతున్నావు నీళ్ళు?"

"పిన్నిని. నువ్వే చెప్పావుగా."

"అది లోపల అడిగితే చెప్పడానికి. ఇక్కడ అమ్మా అనే అడుగు."

"మరి ఫొటోలో అమ్మ?"

"ఆవిడా అమ్మే."

పిట్ట ఆలోచించింది. "ఇద్దరికీ ఒకే మాటైతే ఎవరో ఎలా తెలుస్తుంది?"

"నీకు తెలుస్తుంది కదా" అన్నాడు. "చాలు."

పిట్ట వెనక్కి తిరిగి, "అమ్మా, దాహం వేస్తోందంటే" అంది, ఇంతసేపు ఇవ్వనందుకు విసుగ్గా.

నర్సుకు సీసా మూత కనిపించలేదు. అమ్మమ్మ ఆమె చేతుల్లోంచి సీసా అందుకుని, మూత తీసి మళ్ళీ ఆమె చేతికే ఇచ్చింది.