తొడలో అర మిల్లీలీటరు

"మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో విదేశీ ముఠా బాంబు పెట్టింది. ఆరింటికి పేలుతుంది. ఏ మిల్లో, పెట్టె దించిన లారీ డ్రైవర్ మోతీలాల్ ఒక్కడికే తెలుసు. కోదాడ క్లినిక్‌లో ఉన్నాడు. మాట్లాడించు."

చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

సూర్యాపేట నుంచి బైకు మీద దూసుకొచ్చి, హమాలీ వేషంలో ఏజెంట్ సాగర్ క్లినిక్ మెట్లెక్కేసరికి ఐదూ నలభై. గుమ్మంలో పట్టుచీర, తల నిండా మల్లెలు. చంద్రకళ! ముఠా జీతం తింటూ సాగర్ శాఖకు కబుర్లు చేరవేసే డబుల్ ఏజెంట్.

"నిడమనూరు వడ్లు ఎండినయా?"

"గరిడేపల్లిలో వాన పడింది." కోడ్ చెప్పి ఆమె గొంతు తగ్గించింది. "ఆలస్యమైంది. ఇతనికి పెన్సిలిన్ పడదని వాళ్లకు తెలుసు. జ్వరం సూది సీసా మార్చి అదే వేయించారు."

లోపల బల్ల మీద మోతీలాల్. ఒళ్లంతా దద్దుర్లు, ఉబ్బిన పెదాలు, ఈల వేస్తున్న ఊపిరి. నాడి అందడం లేదు. ఆర్‌ఎంపీ శివాజీ అతణ్ణి లేపుతున్నాడు.

"ఏవిల్, డెక్సా సూదులు ఇచ్చిన సార్. జర కూసుంటే తగ్గుతది."

"లేపకు! పండవెట్టి కాళ్లు ఎత్తు. 108కి ఫోన్ కొట్టు. అడ్రినలిన్ ఏది?"

"అమ్మో! గుండె ఆగితే? అది నేను పెట్టనే పెట్ట."

"పెట్టకుంటే గిప్పుడు ఆగేది గుండెనే!"

చంద్రకళ లిప్‌స్టిక్ గొట్టం విప్పింది. లోపల అడ్రినలిన్ గాజు ఆంప్యూల్.

"నన్ను నమ్ముతావా?"

ఆమె ఎవరి మనిషో చీఫ్‌కే సరిగా తెలియదు. సాగర్ లేబుల్ చదివాడు, సీలు చూశాడు.

"నమ్మక ఏంజేస్త?"

శివాజీ చేతిలోంచి సిరంజి లాక్కుని, సాగర్ అర మిల్లీలీటరు ఎక్కించి, మోతీలాల్ ప్యాంటు మీదుగానే తొడ బయటి కండలో పొడిచాడు.

ఒక నిమిషం. మూడు. పెదాలు నీలమవుతున్నాయి.

"అన్నా, ఏ మిల్లు? అన్నా!"

ఐదో నిమిషంలో మిగిలిన అర మిల్లీలీటరూ రెండో తొడలో దించాడు. ఇంక మందు లేదు.

మోతీలాల్ ఛాతీ ఒక్కసారిగా ఎగిసింది.

"మాడుగులపల్లి రోడ్డు... నీలం గేటు..."

సాగర్ ఫోన్‌లో అరిచాడు. అవతల మిర్యాలగూడ బాంబు స్క్వాడ్ పరుగులు, ఇనుప గేటు మోత.

"వైర్ కోసినం. రెండు సెకన్లు మిగిలినయ్!"

అంబులెన్స్ వచ్చింది.

"సూర్యాపేట దవాఖానల రేపటిదాక పండుకో అన్నా. మళ్ల తిరగబెట్టొచ్చు," అన్నాడు సాగర్.

స్ట్రెచర్ మీంచి మోతీలాల్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"మంచిగ పనిజేసింది సారూ. ఇంకొక్కటి ఏస్తే నడుం నొప్పి గూడ పోతదా?"