పీర్ సాహెబ్ గుప్పిట్లో సర్‌క్లిప్

పీర్ సాహెబ్ గొంతు కోసిన కత్తి మొద్దుది. నాలుగుసార్లు కోయాల్సి వచ్చింది.

1962 మే నెల, ఉదయం ఎనిమిది. ప్రొద్దుటూరు షెడ్డులో ఏజెంట్ గౌస్ మొహిద్దీన్ శవం పక్కన కూలబడ్డాడు. మూడు నెలలుగా మెకానిక్ వేషంలో ఈ ముసలాయన దగ్గరే ఉన్నాడు. వేషం కోసం వచ్చినవాడికి నిజంగానే పని నేర్పి, ఇంట్లో అన్నం పెట్టాడు ఉస్తాద్. గౌస్‌కు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైము లేదు.

ఉస్తాద్ గుప్పిట బిగిసి ఉంది. వేళ్లు విప్పితే ఒక సర్‌క్లిప్ కనిపించింది. ఇరుసు కొసను చక్రం మధ్యలోని హబ్‌లో కదలకుండా పట్టుకునే ఉక్కు రింగు అది.

బయట ఫియట్ కారు ఆగింది. నల్లకళ్లద్దాలు, ఎర్ర షిఫాన్ చీర, హైహీల్స్. శవాన్ని చూసి ఆమె గుమ్మంలోనే ఆగిపోయింది.

"గండికి బస్సు ఎన్నింటికి?"

"శనివారమైతే రెండు."

కోడ్ కలిసింది. ఆమె హఫీజా. పులివెందులలో గని తవ్వుతామని దిగిన విదేశీ ముఠాకు స్టెనో. జీతం ముఠా బాస్ విక్టర్‌ది, రిపోర్టులు మన డిపార్ట్‌మెంట్‌కి.

"జియాలజిస్ట్ ఆదినారాయణను ఈ పొద్దు చంపుతాండారు గౌస్ భాయ్. ఆయన కనిపెట్టిన ఖనిజం యాడుందో ఆయన తలకాయలో తప్ప కాగితం మీద లేదు. ఢిల్లీవాళ్లు జమ్మలమడుగు కాడ పెన్నా అవతల క్యాంపులో కాచుకోనుండారు."

"ఎట్ల చంపుతారు?"

"తెలీదు. పెన్నా ఇసుకలో ఖతం అన్నాడు విక్టర్. అంతే విన్నా."

"ఆయన జీపు నిన్న ఈడనే ఉండె."

"తెల్లారి ఖాకీ చొక్కావాడెవడో ఆయన లాడ్జి ముందర పెట్టి, సర్వీసు అయిపాయ అన్నాడంట."

గౌస్ ఉస్తాద్ గుప్పిట్లోంచి సర్‌క్లిప్ తీసి జేబులో వేసుకున్నాడు. ఆ జీపు ముందు చక్రాలకు, వాటిని ఇరుసుతో కలిపే, విడదీసే లాకింగ్ హబ్‌లు బిగించింది పీర్ సాహెబే. రోడ్డు మీద హబ్ పైని డయల్ ఫ్రీలో ఉంటుంది. ఇసుకలో ఇరుక్కుంటే డ్రైవరు దిగి, రెండు డయల్స్ చేత్తో లాక్‌కు తిప్పి, ఎక్కి ఫోర్‌వీల్ లివర్ లాగాలి. డయల్ తిప్పినంత మాత్రాన పట్టు పడదు. లివర్ లాగి ఇరుసు తిరిగితేనే లోపలి రింగు జరిగి పళ్లు కలుస్తాయి.

"కుడి హబ్ నిన్న నేనే మూసినా. ఎడమది ఉస్తాద్ మూయాల. దాని సర్‌క్లిప్ ఈయన చేతిలో ఉండె. అంటే మూసింది ఇంకెవడో. లోపల బాంబు పెట్టినాడు. ఇసుకలో ఆదినారాయణ లివర్ లాగితే పేలుతుంది. పద."

జమ్మలమడుగు దాకా హఫీజా హారన్ మీంచి చెయ్యి తీయలేదు.

పెన్నా ఇసుకలో జీపు వెనక చక్రాలు ఇరుసు దాకా కూరుకుపోయాయి. ఆదినారాయణ కుడి డయల్ తిప్పేసి ఎడమవైపు నడుస్తున్నాడు. గట్టు మీద కంపచెట్ల చాటున విక్టర్, చేతిలో రైఫిల్. బాంబు తుస్సుమంటే తనే కాల్చేద్దామని వచ్చాడు.

గౌస్ కారులోంచి ఉరికి అతని మీద పడ్డాడు. రైఫిల్ ఎగిరిపోయింది. విక్టర్ కత్తి గౌస్ కుడి భుజంలో పిడి దాకా దిగింది. గౌస్ మోకాలితో పొడిచాడు. పక్కటెముకలు విరిగిన శబ్దం ఇద్దరికీ వినిపించింది. అయినా విక్టర్ రెండు చేతులతో గౌస్ గొంతు పట్టి నొక్కాడు.

"హఫీజా, కాల్చు," అన్నాడు విక్టర్.

ఆమె పర్సులోంచి పిస్తోలు తీసి కాల్చింది, విక్టర్‌ను. అతని మొహంలో నొప్పి కంటే ఆశ్చర్యమే ఎక్కువ.

గౌస్ తలెత్తి చూశాడు. ఆదినారాయణ రెండో డయల్ కూడా తిప్పేసి సీట్లో కూర్చున్నాడు. అరిస్తే వినపడదు, అది సైలెన్సర్ ఊడిన జీపు. టైరు కాల్చినా లాభం లేదు, ఇరుసు తిరిగితే చాలు. లివర్ మీదికి ఆయన ఎడమ చెయ్యి పోతోంది. మిగిలింది ఆ చెయ్యే.

గౌస్ భుజంలోని కత్తి పీకి పడేసి, రైఫిల్ అందుకుని, రక్తం కారే భుజానికే ఆనించుకుని కాల్చాడు.

ఆదినారాయణ అరిచిన అరుపు అవతలి క్యాంపు దాకా వినపడింది.

గౌస్ పరిగెత్తి ఇంజను ఆపాడు. ఎడమ డయల్‌ను మెల్లగా ఫ్రీకి తిప్పాడు. ఆరు బోల్టులు విప్పి మూత తీశాడు. లోపల గడ్డలు గడ్డలుగా గ్రీజు, దాని మధ్య నిమ్మకాయంత పేలుడు ముద్ద. హబ్‌లో ఇంత గ్రీజు కూరితే ఉస్తాద్ చెంప పగలగొట్టేవాడు. గౌస్ డిటోనేటర్ లాగి పడేశాడు. కిరసనాయిలుతో కడిగి, పల్చగా నూనె పూసి, జేబులోంచి సర్‌క్లిప్ తీశాడు. దాని మీద పీర్ సాహెబ్ రక్తం ఎండిపోయి ఉంది. తుడవకుండానే గాడిలో కూర్చోబెట్టాడు. ఇప్పుడు ఏడ్చాడు.

హఫీజా తన షిఫాన్ కొంగు చింపి ఆదినారాయణ చేతికి కట్టింది.

"ఏందప్పా నువ్వు?" అన్నాడాయన పళ్లు బిగించి. "నన్ను కాపాడనీకి వచ్చి నన్నే కాలుస్తావా?"

గౌస్ ఆరో బోల్టు బిగించి లేచాడు.

"ఎడమ చక్రం సర్వీసు అయిపాయ సార్. ఎడమ చెయ్యి మాత్రం మా షెడ్డులో కుదరదు. జమ్మలమడుగు ఆసుపత్రికి పోవాల."