నేల తాగని నీళ్లు

శుక్రవారం పొద్దునంటే శాంతకుమారికి రెండు చేతులూ చాలవు. తలస్నానం, పూజ, ఉప్మాకు తాలింపు, మధ్యలో భర్త నాగేశ్వరరావు కళ్లద్దాలు వెతికిపెట్టడం. ఆ అద్దాలు ఎప్పుడూ ఆయన నెత్తిమీదే ఉంటాయి, అది వేరే సంగతి. నంద్యాలలో ఇల్లు, ఆళ్లగడ్డ దాటాక బండల పాలిష్ ఫ్యాక్టరీ. శుక్రవారం మాత్రం ఆమె కూడా ఫ్యాక్టరీకి పోవాల్సిందే. ఎందుకంటే అక్కడ బిలం ఉంది.

ఫ్యాక్టరీ వెనక సున్నపురాతి నేలలో మనిషి పట్టేంత బొక్క అది. బండలు రుద్దిన తెల్లటి బురదనీళ్లన్నీ ఇరవై రెండేళ్లుగా అందులోకే పోతున్నాయి. ఎన్ని పోసినా నిండలేదు. అదంతా నేలతల్లి చలవ అనుకున్నారు వీళ్లు. అంచుకు పసుపు పూసి, బొట్లు పెట్టి, వారం వారం టెంకాయ కొట్టారు. పటాలకు వేసిన మాలలు ఎవరి కాళ్ల కిందా పడకూడదని తీసుకెళ్లి అందులోనే వదిలారు. మురిక్కాలువకు హారతిచ్చిన వాళ్లను ఇంకెక్కడైనా చూశారా? పోనీలెండి, వాళ్ల భక్తిలో మాత్రం కల్తీ లేదు.

ఆ శుక్రవారం వాళ్లు ఇల్లు కదలకముందే యాకోబు వచ్చాడు. ఫ్యాక్టరీలో పాలిష్ మేస్త్రీ. ఏ పనున్నా అక్కడే మాట్లాడతాడు తప్ప ఇంటికి రాడు. చేతిలో స్టీలు టిఫిను డబ్బా ఉంది.

"ఏందప్పా యాకోబూ, ఇంత పొద్దున్నే వచ్చినావు?" అన్నాడు నాగేశ్వరరావు.

"ఇది చూడు సావుకారీ. మా ఊరి ఊటబావిలో తేలింది."

మూత తీస్తే తెల్లటి నీళ్లు, అందులో నానిన బంతిపూల మాల. శాంతకుమారి గరిటె పట్టుకునే వచ్చి తొంగి చూసింది. రెండేసి బంతులు, నడుమ మరువం, పసుపులో ముంచిన దారం, చివర మూడు ముడులు.

"ఇది నా మాలండీ" అంది.

"నీకేమన్నా పిచ్చా? వాళ్ల ఊరు యాడ, మన బిలం యాడ? నడమ గుట్ట ఉండాది. పూలు గుట్టలో దూరి పోతాయా?" అన్నాడు నాగేశ్వరరావు.

ఈ మాటలకు కొడుకు ఉమాశంకర్ గదిలోంచి వచ్చాడు. యాకోబును చూడగానే మొహం మాడిపోయింది. "నీకు చెప్పినా గదన్నా, శివరాత్రి అయినాంక మాట్లాడుకుందామని!"

నాగేశ్వరరావు మెల్లగా కొడుకు వైపు తిరిగాడు. "అంటే నీకు ముందే తెలుసా?"

"రెండు నెల్ల కిందట చెప్పినాడు నాయనా, బావినీళ్లు తెల్లగా వస్తాండాయని. శ్రీశైలం సత్రం బండలు నేను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని. శివరాత్రి లోపల ఇస్తానని మాటిచ్చినా. ఇప్పుడు మిషన్లు ఆపితే నన్ను మళ్లా ఎవురు నమ్ముతారు? అయినా అవి మన నీళ్లేనని రుజువేందీ?"

"రుజువు కావాల్నా?" శాంతకుమారి గరిటె బల్లమీద టంగుమని పెట్టింది. "వడ్లమిల్లు నుంచి రెండు మూటల పొట్టు తెప్పీ. బిలంలో పోసి, పోయి ఆ బావికాడ కూచుందాం. రాకుంటే నాదే తప్పని ఒప్పుకుంటా. వచ్చిందంటే మాత్రం..."

ఆ మాత్రం తర్వాత ఏముందో అడిగే ధైర్యం తండ్రీకొడుకులిద్దరికీ లేకపోయింది.

పొట్టు పోసి, గుట్ట చుట్టుకుని యాకోబు ఊరు చేరేసరికి తొమ్మిది దాటింది. అది రాతిమెట్ల బావి. అడుగున బండ చీలికలోంచి ఊట వస్తోంది. పదకొండైంది, పన్నెండైంది. ఉమాశంకర్ వాచీ చూసుకోవడం ఎక్కువైంది. "నేను చెప్పలా?" అని నోరు తెరిచాడు కూడా.

అప్పుడు చీలికలోంచి ఒక్క పొట్టు రేకు పైకి లేచింది. ఎండ తగిలి బంగారంలా మెరిసింది. దాని వెనక ఇంకొకటి, పది, వంద. చూస్తుండగానే బావి మొహమంతా పచ్చగా పరుచుకుంది.

నాగేశ్వరరావు మెట్టుమీద కూలబడ్డాడు. అంటే తన కాళ్ల కింద, ఈ గుట్ట కింద, ఎండ ఎరగని చోట ఒక ఏరు పారుతోందన్నమాట! ఎన్ని యుగాలు రాతిని తొలుచుకుని ఆ దారి చేసుకుందో! టిక్కెట్టు కొని బెలుం గుహలు దిగి ఔరా అన్న మనిషి, తన పెరట్లో ఉన్నదాన్ని బురదతో నింపాడు. చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

"ఎంత దూరం నడిచొచ్చిందే శాంతా!" అన్నాడు చిన్నపిల్లాడిలా. తర్వాత బావిలోని తెల్లటి నీళ్లకేసి చూశాడు. "నేల తాగుతాందనుకున్యానే. నేల తాగల్యా. వీళ్లు తాగినారు."

శాంతకుమారి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

కడవతో మెట్లు దిగబోతున్న ముసలామె కమలాక్షమ్మ వాళ్లను చూసి ఆగింది. "ఎవురప్పా మీరు? పొద్దున్నుంచి ఎండలోనే ఉండారంటనే. రాండి, నీడకు రాండి" అని తన ఇంటి అరుగుమీదికి లాక్కుపోయింది. పాతచీర నాలుగు మడతలేసి నీళ్లు వడగట్టి, రెండు గ్లాసులు పట్టుకొచ్చింది. అయినా నీళ్లలో తెలుపు పోలేదు.

"రొంత సున్నం వాసనొచ్చాది. తాగండప్పా, మాకు అలవాటయిపోయింది."

నాగేశ్వరరావు గ్లాసు అందుకోలేదు. "అమ్మా, ఈ నీళ్లు చెడగొట్టింది నేనే. గుట్ట అవతల బండల ఫ్యాక్టరీ నాది."

కమలాక్షమ్మ గ్లాసు చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "నీతో కొట్లాట ఉండాదిలే, కొట్లాడతా. ముందు తాగు. ఇంటికొచ్చినోళ్లకు నీళ్లియ్యకుంటే ఎట్ల?"

ఆయన గటగటా తాగేశాడు. రెండో గ్లాసు ఉమాశంకర్ అందుకున్నాడు. సగం తాగి ఆపేశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. జేబులోంచి ఫోను తీసి ఫ్యాక్టరీలో పని చూసే కుర్రాడికి చేశాడు.

"కిరణ్, మిషన్లన్నీ ఆపెయ్. ఎన్ని దినాలా? నీళ్లు తేర్చే తొట్లు కట్టేదాకా. ఇంకొక్క చుక్క బిలంలోకి పోగూడదు. ఈ ఊరికి ఈ పొద్దే ట్యాంకరు పంపీ." ఫోను పెట్టేసి తండ్రికేసి చూడలేక నేలచూపులు చూశాడు. "సత్రమోళ్లకు నేనే పోయి చెప్తా నాయనా."

"నేనూ వస్తా పా" అన్నాడు నాగేశ్వరరావు, కొడుకు భుజం మీద చెయ్యేసి. "నువ్వు రెండు నెల్లు దాచినావు. నేను ఇరవై రెండేళ్లు చూడనే లేదు. ఇద్దరం పోయి చెప్దాం."

ఉమాశంకర్ చేతిలో సగం గ్లాసు అలాగే ఉంది. పారబోయడానికి చెయ్యి వంచబోయాడు. ఎదురుగా కమలాక్షమ్మ చూస్తోంది. ఆగి, మిగిలిన నీళ్లు కూడా తాగేశాడు.