కరిగిన ముద్ద

"నోరు విప్పితే డ్యూయీ జైలుకెళ్తాడు, విప్పకపోతే నేనెళ్తాను. ఎటూ కదల్లేకుండా ఇరుక్కుపోయాను మేడమ్!" అంటూ ఓపల్ టిడ్వెల్ బావురుమంది.

మత్తునిచ్చే హెంప్ గమ్మీలు, అంటే గంజాయి జాతి మొక్క సారం కలిపిన జెల్లీ మిఠాయిలు, అమ్మడానికి టెక్సస్ రాష్ట్రం లైసెన్సిచ్చిన దుకాణం ఆమెది. ఆ ఉదయం తనిఖీ అధికారిణికి ఫ్రిజ్‌లో లేబుల్ లేని ప్యాకెట్ దొరికింది. అందులో మత్తు పాళ్లు చట్టం ఒప్పుకునేదానికి ఎన్నో రెట్లున్నాయి. ఓపల్ కాక అక్కడ పనిచేసేది ఆమె అక్క కొడుకు డ్యూయీ ఒక్కడే. పైగా వాడి మీద పాత కేసొకటి ఉంది.

ఓపల్ పిలిపించిన ప్రైవేటు డిటెక్టివ్ థెల్మా గారిటీ ఆ ప్యాకెట్ చూసింది. గమ్మీలన్నీ కలిసిపోయి, ఇంటి పెంకులా వంపు తిరిగి గట్టిపడ్డాయి. ఆ వంపు మీద నిలువు గాట్లున్నాయి. సహాయకుడు క్విన్సీ కూడా చూశాడు గాని, అతనికి మిఠాయే కనిపించింది.

"నీకు కారుందా?" అని డ్యూయీని అడిగింది థెల్మా.

"నా మొహానికి కారా! నడిచే వస్తానండీ."

"నేనుండేది ఈ పైనే. సరుకు ఐసు పెట్టెలో వస్తుంది, కరిగితే తిప్పి పంపేస్తాను" అంది ఓపల్.

"నిన్న ఇంకెవరైనా వచ్చారా?"

"ఇంటి యజమాని రాయిస్ గారు. ఏసీ చూస్తానని."

సాయంత్రం థెల్మా తనిఖీ అధికారిణితో సహా అందరినీ దుకాణంలోకి పిలిపించింది. రాయిస్ ట్రక్కు దిగి లోపలికొచ్చాక, ఆమె దాని కిటికీలోంచి ఓసారి తొంగిచూసి వచ్చింది.

"ఈ ఎండకు గమ్మీలు కరిగేది బండిలోనే. ఈ వ్యాపారం తెలిసినవాళ్లు ముద్దను ఫ్రిజ్‌లో పెట్టరు. రాయిస్ గారూ, మీ ట్రక్కులో కాఫీ కప్పు పెట్టుకునే గుంటకు నిలువు గాట్లున్నాయి. ప్యాకెట్ చుట్టి అందులో దోపారు, కరిగిన ముద్దకు ఆ వంపూ గాట్లూ అచ్చుపడ్డాయి. ఓపల్‌ను ఖాళీ చేయించాలని మీ ఆలోచన. ఆమె చట్టం తప్పితేగాని అద్దె ఒప్పందం రద్దవదు, అవునా?"

"పిన్నీ, నువ్వు నన్ను అనుమానించావా?" అన్నాడు డ్యూయీ మెల్లగా.

"అనుమానించాన్రా. అందుకే నోరు విప్పలేదు" అని ఓపల్ కళ్లొత్తుకుంది.

రాయిస్ ఒక్క ఉదుటున తలుపు దగ్గరికి ఉరికాడు. కార్డులో వయసు చూశాక కౌంటర్లో మీట నొక్కితేనే, లోపలికైనా బయటికైనా, తెరుచుకునే తలుపది. ఎంత లాగినా రాలేదు.

"మీట నొక్కు ఓపల్!"

"ముందు కార్డు చూపించండి, రాయిస్ గారూ. రూలు అందరికీ ఒకటే."

తనిఖీ అధికారిణి పోలీసులకు ఫోన్ కలిపింది.