తుపాకీకి అవతలి గది

ఆ శనివారం ఉదయం డెల్బర్ట్ సైజ్‌మోర్ కాఫీ తాగకముందే బీరువా తాళం తీసి తుపాకీ బయటికి తీశాడు. అందులో వింతేమీ లేదు. కింద మలుపులో ఒంటరిగా ఉండే ఇమొజీన్ ఇంట్లో మత్తెక్కించే నొప్పి మాత్రల కోసం ఎవరో జొరబడి, ఆమె చెయ్యి విరగ్గొట్టి పోయారు. అప్పటినుంచి ఆయన లేవగానే చేసే మొదటి పని ఇదే. షెరీఫ్ పోలీసులు ఊరి నుంచి ఆ లోయలోకి రావాలంటే గంట పడుతుంది. ఆ గంటసేపు ఎవరి ఇంటిని వాళ్ళే కాచుకోవాలి. కెంటకీలోని ఆ కొండల్లో పుట్టినవాళ్ళకి అది ఫిర్యాదు చేయవలసిన సంగతిగా కూడా తోచదు.

వంటింట్లో ఆయన భార్య ఒనీడా, సాసేజి వేగిన పెనంలో పాలు పోసి గ్రేవీ కలుపుతోంది. మనవరాలు మేజీ బల్ల కింద దూరి కుక్కకి బిస్కెట్టు ముక్కలు తినిపిస్తోంది. అది అమ్మమ్మ చూసింది, చూడనట్టు ఊరుకుంది. కూతురు కెండ్రా వృద్ధాశ్రమంలో వారమంతా మంచాల మధ్య తిరిగిన కాళ్ళని ఎదుటి కుర్చీ మీద పెట్టుకుని కాఫీ ఊదుకుంటోంది. పెళ్ళి విఫలమై, వసంతకాలంలో పిల్లని తీసుకుని పుట్టింటికి వచ్చేసింది ఆమె.

పడకగది నుంచి డెల్బర్ట్ గొంతు వినిపించింది.

"నా తుపాకీ ఎవరు ముట్టుకున్నారు?"

కెండ్రా కప్పు కింద పెట్టింది. "నేనే నాన్నా."

ఆయన తుపాకీ ఒక చేతిలో, తీసిన తూటాలు ఇంకో చేతిలో పట్టుకుని వచ్చాడు. అన్నీ ఒకే రకం. పావురాల్లాంటి పిట్టల్ని కొట్టేవి. ఒనీడా మేజీ చెయ్యి పట్టుకుని, కుక్కతో సహా వెనక వసారాలోకి పంపింది.

డెల్బర్ట్ తుపాకీలో తూటాలకి ఒక వరస ఉంది. మొదట పేలేది పిట్టల తూటా, ఆవగింజలంత గుళ్ళతో, బెదిరించడానికి. రెండోది జింకల తూటా, బఠాణీ గింజలంత గుళ్ళతో, పడగొట్టడానికి. మూడోది ఒంటిగుండు, బొటనవేలంత సీసం ముద్ద, పడినవాడు మళ్ళీ లేవకుండా. తండ్రి ఆయనకి నేర్పిన వరస అది. ఆ లోయలో ఏ ఇంటి బీరువా తెరిచినా ఇదే వరస కనిపిస్తుంది. ప్రార్థనలో మాటల వరస ఎవరూ మార్చనట్టే దాన్నీ ఎవరూ మార్చలేదు.

కెండ్రా మార్చింది. ఊళ్ళో తుపాకుల కొట్టువాడిని అడిగిందట. ఇంట్లో వాడుకోవడానికి చిన్న గుళ్ళే మంచివనీ, అవి గోడలోనే ఆగిపోతాయనీ అతను చెప్పాడట. అందుకని ముందురోజు సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు తాళాల గుత్తి తీసుకుని, పాతవి తీసేసి ఇవి నింపింది.

"కొట్టువాడు," అన్నాడు డెల్బర్ట్. "వాడి ఇంటికి దొంగొస్తే వాడు పోలీసుకి ఫోన్ చేసుకుంటాడు. వీటితో మనిషి ఆగడు కెండ్రా. కోటు వేసుకుని ఉంటే వాడికి దురద పుడుతుంది, అంతే."

"నువ్వు పడకగది గుమ్మంలో నిలబడి కాలుస్తావు. ముందు నడవ, తరవాత హాలు. హాలు అవతల ఏముంది? మేజీ పడుకునే గది."

"నా గురి నువ్వు పుట్టకముందు నుంచి తప్పలేదు."

"నీ గురి గురించి కాదు నాన్నా, చెవి గురించి. రంపపు మిల్లులో పని దాన్ని సగం తినేసింది. వచ్చింది దొంగో, మంచినీళ్ళకి లేచిన మేజీయో నీకు తెలిసేలోపు మూడూ పేల్చేస్తావు."

ఆ మాటతో ఆయన ముఖం నల్లబడింది. చెవి సంగతి ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. ఎవరైనా తలుపు కొడితే ఒనీడా ఆ సంగతి కాస్త గట్టిగా చెబుతుంది, కెండ్రా చెప్పిందే రెండోసారి చెబుతుంది, మేజీ వచ్చి చొక్కా లాగుతుంది. అలా అందరూ కలిసి దాన్ని దాస్తూ వచ్చారు. ఇప్పుడు అది బల్ల మీద పడింది.

"నీ మొగుడు నిన్ను వాకిట్లో దింపి పోయిన రోజు తలుపు తీసింది ఎవరు? నేను. నా కప్పు కింద పడుకుంటూ, నా తిండి తింటూ, నా వెనక నా తుపాకీ మారుస్తావా? దొంగకీ నీకూ తేడా ఏముంది?"

పెనంలో గ్రేవీ అడుగంటుతున్న వాసన వచ్చింది. ఒనీడా పొయ్యి ఆర్పింది.

కెండ్రా అరవలేదు. తనతో పనిచేసే అమ్మాయి ఊళ్ళో బట్టలుతికే దుకాణం పైన అద్దెకి ఉంటోందనీ, ఒక గది ఇస్తానని ఎప్పటినుంచో అంటోందనీ చెప్పింది. సాయంత్రానికి తానూ పిల్లా అక్కడ ఉంటామంది. లేచి, తనూ మేజీ పడుకునే గదిలోకి వెళ్ళి, అట్టపెట్టెల్లో బట్టలు కుక్కడం మొదలుపెట్టింది. చక్రాల మీద తెచ్చి నిలిపిన ఆ ట్రైలర్ ఇంట్లో గోడలు పేరుకే గోడలు. పెట్టెకి అతికించే టేపు చిరుగుతున్న చప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకి వినిపించింది. డెల్బర్ట్‌కి కూడా వినిపించింది.

ఆయన బల్ల దగ్గర కాసేపు నిలబడ్డాడు. పొమ్మనాలని లేదు, ఉండమనడానికి నోరు రాదు. ఆ రెండింటి మధ్యా మిగిలింది కోపమే. నడవలోకి వెళ్ళి, పోయేముందు నీ తూటాల పనితనం చూసి పొమ్మని కూతురిని కేకేశాడు.

పైకప్పు కారినప్పుడు గోడలు మార్చగా మిగిలిన పలకలు షెడ్డులో ఉన్నాయి. ఇంట్లో గోడలకి ఉన్నవీ అవే. వాటిని లాక్కొచ్చి, పచ్చిక చివర కొండ మట్టికట్ట ముందు, గుంజలకి రెండు వరసలుగా మేకులు కొట్టి నిలబెట్టాడు. ఒకటి హాలు గోడకి ఇవతలి పలక అనుకోవాలి, రెండోది అవతలి పలక. సుత్తి దెబ్బలన్నీ కూతురికి వినపడాలనే కొట్టినట్టున్నాయి.

కెండ్రా వచ్చి చూసింది. తిరిగి షెడ్డులోకి వెళ్ళి, మేజీ చిన్నప్పటి పరుపు ఈడ్చుకొచ్చింది. ఎలుకలు ఒక మూల కొరికాయి గాని దాని మీద బాతుపిల్లల బొమ్మలు ఇంకా చెరగలేదు. దాన్ని రెండో పలక వెనక నిలబెట్టింది.

"ఇదెందుకు?" అన్నాడు డెల్బర్ట్.

"ఇల్లు కట్టావుగా. పూర్తిగా కట్టు."

ఇంటి అవతల వైపున్న కారులో మేజీని కూర్చోబెట్టి, అద్దాలు ఎత్తేసి, రేడియో పెట్టి ఒనీడా కూడా వచ్చింది. తండ్రీ కూతుళ్ళు చెవులకి మూతలు పెట్టుకున్నారు. హాలు పొడవెంతో అంత దూరంలో డెల్బర్ట్ నిలబడ్డాడు.

మొదట ఒంటిగుండు కాల్చాడు. అది పలకల్ని, పరుపుని దాటి మట్టికట్టలో ఎక్కడో లోతుగా దిగింది. తరవాత జింకల తూటా. పలకలకి వరసగా కన్నాలు పడ్డాయి, పరుపు వెనక దూది బయటికి వచ్చింది. ఇక కూతురు కొన్న తూటా. దాన్ని తుపాకీలో పెడుతున్నప్పుడు ఆయన మూతి ఒక పక్కకి వంగింది. ఇది గోడనే దాటదు, అటువంటిది దొంగనేం ఆపుతుందని నిరూపించబోతున్నాడు.

పేలింది. ముగ్గురూ ముందుకి నడిచారు. మొదటి పలకలో పిడికిలి పట్టే రంధ్రం. రెండో పలకలో అంతకన్నా పెద్దది. కెండ్రా పరుపు మీద చెయ్యి వేసింది. బాతుపిల్లల మధ్య గుడ్డ జల్లెడలా ఉంది. వేలు దూర్చి లాగితే, వెచ్చని సీసపు గుళ్ళు నాలుగైదు అరచేతిలోకి రాలాయి. గోడలోనే ఆగిపోతాయని కొట్టువాడు చెప్పిన గుళ్ళు.

"చూశావా, నీదీ…" అని మొదలుపెట్టి డెల్బర్ట్ ఆపేశాడు. గెలవాల్సిన చోట ఆయనకి గెలవడానికి ఏమీ దొరకలేదు.

అయినా కోపం అంత తొందరగా దిగేది కాదు. మందు తక్కువ పెట్టిన తూటాలుంటాయని కెండ్రా అంది. వాటికన్నా చీపురు కట్ట నయమని ఆయన అన్నాడు. మధ్యరకం గుళ్ళ పేరు ఒకరు ఎత్తారు, ఇంకొకరు కొట్టిపారేశారు. ఇద్దరూ ఆ పరుపుకి అటొకరు ఇటొకరు నిలబడి, మళ్ళీ పొద్దుటి గొంతులు ఎత్తుకున్నారు.

"చాలు," అంది ఒనీడా. ఆమె గొంతు పెంచలేదు గాని అది కోపమే. ఆమెకి కోపం రావడం ఆ ఇద్దరూ అరుదుగా చూశారు. "పొద్దుటి నుంచి మీరిద్దరూ దేనికి పోట్లాడుతున్నారో తెలుసా? ఆ పిల్లని ఏ తూటాతో కాల్చాలా అని."

కెండ్రా పరుపు మీంచి చెయ్యి తీసేసింది.

"దొంగ వస్తే నువ్వు కాల్చాలి. కాలిస్తే అది గోడ దాటుతుంది. దాటకపోతే దొంగ ఆగడు. ఇది తెలుసుకోవడానికి ఇంత చప్పుడు కావాల్సి వచ్చింది మీకు. నేను అడిగేది ఒక్కటే డెల్బర్ట్. ఆ పిల్ల ఆ గదిలో ఎందుకుంది?"

ఎందుకుందో ఆయనకి తెలుసు. తమ పడకగది పక్కనే ఇంకో గది ఉంది. అందులో ఆయన జింక కొమ్ములున్నాయి, చేపల గాలాలున్నాయి, తూటాలు నింపుకునే బల్ల ఉంది, ఎవరూ ముట్టుకోకూడని డబ్బాలున్నాయి. కెండ్రా పిల్లని ఎత్తుకుని వచ్చిన రోజు, హాలు అవతలి గదికి కిటికీ పెద్దది, పిల్లకి వెలుతురు బాగుంటుందని చెప్పింది ఆయనే. ఈ గది ఖాళీ చెయ్యమని ఎవరూ అడగలేదు. అడిగితే ఏమంటాడో తెలిసే అడగలేదు.

ఆయన వెళ్ళి పాత ట్రక్కు వెనక పలక దింపి దాని మీద కూర్చున్నాడు. తుపాకీ ఖాళీ చేసి పక్కన పెట్టాడు. కాసేపటికి కెండ్రా వచ్చి పక్కన కూర్చుంది.

"నేనే అక్కడ పెట్టాను," అన్నాడు ఆయన. "ఈ కొమ్ముల కోసం, డబ్బాల కోసం. రోజూ తుపాకీ చూసుకున్నానే గాని, అది ఎవరి వైపు తిరిగి ఉందో చూసుకోలేదు."

కెండ్రా అరచేతిలో ఆ గుళ్ళు ఇంకా ఉన్నాయి. "నేనూ వీటిని నమ్మాను నాన్నా. ఇవి నింపి ఎంత హాయిగా నిద్రపోయానో. నేను తెచ్చినవే మేజీ మీద…" ఆ మాట పూర్తి చెయ్యలేక తండ్రి భుజానికి నుదురు ఆనించింది. ఆయన చొక్కా అక్కడ తడిసింది. ఆయన కదలకుండా కూర్చున్నాడు. కదిలితే ఆమె లేచిపోతుందేమోనని భయపడ్డాడు.

"పొద్దున కప్పు గురించి అన్న మాట," అన్నాడు డెల్బర్ట్.

"విన్నాను."

"వెనక్కి తీసుకుందామంటే మాటకి పిడి ఉండదు."

"నేను చెవి గురించి అన్నానుగా."

"అది నిజమే. ఎడమది అసలు పనిచెయ్యదు."

"ఎప్పటినుంచి?"

"భోజనాల బల్ల దగ్గర మీ అమ్మ కూర్చునేది ఎడమ పక్కే. అప్పటినుంచి."

కెండ్రా ఏడుస్తూనే నవ్వింది. దూరంగా పలకల మేకులు పీకుతున్న ఒనీడా, తనని ఏదో అన్నారని తెలిసి కూడా వెనక్కి తిరగలేదు.

మధ్యాహ్నమంతా గది ఖాళీ చెయ్యడంతోనే సరిపోయింది. కొమ్ములు షెడ్డులోకి పోయాయి. తూటాల బల్ల తలుపులో పట్టకపోతే డెల్బర్ట్ రంపం తెచ్చి దాని కాళ్ళు కోశాడు. ఊరికి వెళ్ళాల్సిన అట్టపెట్టెలు నడవ దాటి ఈ చివరకి వచ్చాయి. మేజీకి కిటికీ చిన్నదని కోపం వచ్చింది. మంచం తాత గది గోడకి ఆనించాక ఆ కోపం పోయింది.

పిల్ల కుక్కతో వాకిట్లోకి పోయాక, ఆయన తూటాల డబ్బాలన్నీ తమ మంచం మీద పరిచాడు. కూతురిని పిలిచి తుపాకీ ఆమె ముందు పెట్టాడు. ఏవి పెట్టాలో నువ్వే చెప్పమన్నాడు.

కెండ్రా పడకగది గుమ్మంలో నిలబడి చూసింది. ముందు నడవ. తరవాత హాలు, వీధి తలుపు. దాని అవతల ఖాళీ గది. దాని వెనక కొండ. తలుపు చప్పుడైతే తాను పిల్లని తీసుకుని రెండడుగుల్లో ఈ గుమ్మం దాటుతుంది. పిల్లని వెనక పెట్టుకుని ఎవరు వచ్చారో తానే చూసి చెబుతుంది. ఆమె చెప్పేదాకా ఆయన కాల్చడు. అలా మాట అనుకున్నారు.

ఆమె ఒంటిగుళ్ళ డబ్బా తీసి బయట పెట్టింది. పిట్టల తూటాలు కూడా తీసేసింది. జింకల తూటాలు ఒక్కొక్కటే లోపలికి తోసింది, అన్నీ అవే.

"నావేగా ఇవి," అన్నాడు డెల్బర్ట్.

"ఇప్పుడు ముందర మనవాళ్ళెవరూ లేరు నాన్నా."

ఆయన తుపాకీ బీరువాలో పెట్టి తాళం వేశాడు. ఎప్పుడూ తన తాళాల గుత్తికే ఉండే రెండో తాళంచెవి తీసి కూతురి చేతిలో పెట్టి, ఆ చేతిని తన రెండు చేతులతో మూశాడు.