బరువు ఏ కాలి మీద?

“ఈయన తుంటి ఏదండీ?”

వెనక నుంచి వచ్చిన ప్రశ్నకి అతని చేతిలో పెన్ను టక్కున ఆగింది. తిరిగి చూస్తే ఫిజియోథెరపీ చేసే అమ్మాయి. నీలం యూనిఫాం, మెడలో కొలత టేపు. చేతులు కట్టుకుని అతని భుజం మీదుగా పుస్తకంలోకి తొంగి చూస్తోంది.

“ఎవరి తుంటి?” అన్నాడు.

“అదిగో, గోడ పట్టుకుని నడుస్తున్న పెద్దాయనది. మీ బొమ్మలో ఆయన భుజాల నుంచి సరాసరి మోకాళ్ళలోకి దిగిపోయారు. మధ్యలో నేను మూడు వారాలుగా తంటాలు పడుతున్న తుంటి ఒకటి ఉండాలి కదా. నా పేషెంట్‌ని అడక్కుండా గీయడం ఒక తప్పు. గీసి తుంటి మింగేయడం ఇంకో తప్పు.”

వెయిటింగ్ హాల్లో ఉన్న నలుగురూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది అతని అమ్మ. భుజం పట్టేసి ఆవిడకి చెయ్యి పైకి లేవడం లేదు. రోజూ సాయంత్రం ఐదింటికి వ్యాయామం కోసం అతనే క్లినిక్‌కి తీసుకొస్తున్నాడు.

“గట్టిగా అడుగు డాక్టరమ్మా,” అంది అమ్మ. “వీడు నన్ను గీసినా అంతే. బీరువాకి చేతులు మొలిచినట్టుంటుంది.”

ఆ మాటలో నిజం లేకపోలేదు. అతను ఒక ఫర్నిచర్ కంపెనీలో డ్రాఫ్ట్స్‌మన్. కేటలాగుల కోసం కుర్చీలూ బల్లలూ గీస్తాడు. గీత ఎంత తిన్నగా వస్తుందంటే ఆఫీసులో అందరూ అతన్ని ‘స్కేలు’ అనే పిలుస్తారు. ఆ పిలుపు విన్నప్పుడల్లా అతనికి ఒళ్ళు మండుతుంది, ఎందుకంటే అతనికి కావలసింది కుర్చీలు కాదు, వాటిలో కూర్చునే మనుషులు. పిల్లల కార్టూన్ సినిమాలు తీసే ఒక స్టూడియోలో చేరాలని మూడేళ్ళుగా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు.

పోయిన వారం ఆ స్టూడియో పెద్దావిడ అతని బొమ్మలు చూసి, “నీ మనుషులు నిలబడలేదు బాబూ, పాతేసినట్టున్నారు,” అంది. మాడిపోయిన అతని ముఖం చూసి జాలిపడిందో ఏమో, ఒక అవకాశం మాత్రం ఇచ్చింది. అరవై రోజులు, రోజుకో పేజీ చొప్పున మనుషుల్ని చూసి గీయాలి. ప్రతి పేజీ మీదా తేదీ వెయ్యాలి. పెన్నుతోనే గీయాలి, పేజీ చించకూడదు, ఒక్కరోజు కూడా మానకూడదు. అరవయ్యో రోజున పుస్తకం చూసి తేలుస్తానంది. ఇవాళ్టికి ఆరో రోజు.

ఇదంతా అతను గబగబా చెప్పేశాడు. చెబుతున్నంతసేపూ కుడి మోకాలు ఊగుతూనే ఉంది.

“ముందు ఆ కాలు ఆపండి,” అంది ఫిజియో. “హాలంతా అదురుతోంది.”

“ఆపితే ఇంకెక్కడో మొదలవుతుందండీ.”

“అయితే లేవండి. బస్సు రాక విసుగెత్తినట్టు నిలబడండి. బరువంతా ఎడమకాలి మీద వేసి, కుడి మోకాలు వదిలేయండి. ఇప్పుడు నడుం మీద చెయ్యి పెట్టి చూసుకోండి. ఎడమ తుంటి పైకి లేచింది, అటు భుజం కిందికి దిగింది. పడిపోకుండా ఒళ్ళు చేసుకునే ఏర్పాటు అది. మీరేమో అందర్నీ రెండు కాళ్ళ మీదా సమంగా నిలబెడుతున్నారు. అలా నిలబడేది కుర్చీ ఒక్కటే.”

అతను నోరు వెళ్ళబెట్టాడు. మూడేళ్ళుగా కొన్న పుస్తకాల్లో కూడా ఈ ముక్క ఉండే ఉంటుంది. ఒంటికి ఎక్కింది మాత్రం ఇప్పుడే.

“రేపట్నుంచి గీసుకోండి,” అంది ఆమె. “కానీ ఒక్కొక్కరినీ అడగాలి. ముఖాలు గీయకూడదు. వెళ్ళేముందు నాకు చూపించాలి.”

“మీకెందుకు?”

“ఎవరి ఎముకలు వాళ్ళకి ఉన్నాయో లేదో చూసుకోవద్దా?”

ఆ రోజు నుంచి అతనికి ఐదు గంటలు కావడమే గగనమైపోయింది. మధ్యాహ్నం మూడింటికే ఆఫీసులో గడియారం వైపు చూపులు మొదలు. నాలుగున్నరకి అమ్మ చెప్పులు తెచ్చి గుమ్మంలో పెట్టేవాడు. “నొప్పి నాదా, నీదా?” అని ఆవిడ అడిగినా వినిపించుకునేవాడు కాదు.

పదిహేనో రోజు కుండపోతగా వాన. హాల్లో పేషెంట్లు లేరు. అమ్మ లోపల తాడు పట్టుకుని చెయ్యి లాగుతోంది. ఫిజియో ఈ చివర నుంచి ఆ చివరకి తిరుగుతూ బంతులు సర్దుతోంది, చాపలు చుడుతోంది. ఆమె కూర్చోగా అతను ఏనాడూ చూడలేదు.

“మీ రూలు ప్రకారం అడుగుతున్నాను,” అన్నాడు. “మిమ్మల్ని గీయొచ్చా?”

“ముఖం వద్దు.”

“ముఖం లేకుండానే.”

“కదలకుండా ఉండడం నా వల్ల కాదు.”

“నా వల్ల మాత్రం అవుతుందేంటి? రెండు నిమిషాల్లో గీసేస్తాను.”

పేజీ కింద కుడి మూలన, బొటనవేలంత బొమ్మ గీశాడు. ఆమె చూసి, “తుంటి ఉంది,” అంది. తరవాత ఎందుకో కిటికీ దగ్గరికెళ్ళి చాలాసేపు వాన చూసింది. ఆ మర్నాటి నుంచి పుస్తకం చేతికి రాగానే ముందు ఆ మూల చూసేది. “నా వాటా ఏది?” అనేది. క్లినిక్ లేని ఆదివారాల్లో ఆ మూల ఖాళీగా ఉండేది, ఆ రోజుల్లో అతనికి ఇంట్లో కాలు నిలిచేది కాదు.

నలభయ్యో రోజుకి అమ్మ భుజం బాగైపోయింది. ఆ సంగతి ఆవిడ ఒప్పుకోలేదు.

“ఇంకా పట్టేసినట్టే ఉంది డాక్టరమ్మా.”

“నిన్న అటక మీద నుంచి సూట్‌కేసు దించానని మీరే చెప్పారు కదా ఆంటీ.”

“అది ఎడమచేత్తో.”

“పట్టేసింది ఎడమ భుజమే.”

అమ్మ ఏమాత్రం తొణకలేదు. “అయితే వీడి కాలు చూడు. ఆ ఊపుడికి ఏదైనా వ్యాయామం ఉందేమో,” అంది. ఫిజియో నవ్వు ఆపుకోలేక ఫైలు వెనక ముఖం దాచుకుంది. అతనికి మాత్రం చెవులు వేడెక్కాయి. ఆ తరవాత అమ్మ రావడం మానేసినా, ఐదింటికల్లా అతను వచ్చి తన కుర్చీలో కూర్చునేవాడు. ఎవరూ ఎందుకని అడగలేదు.

అంతా బాగానే ఉందనుకుంటుండగా యాభై ఒకటో రోజు గొడవ వచ్చింది.

“ఇదేంటి, మళ్ళీ మొదటికొచ్చారు,” అంది ఆమె, మూలనున్న బొమ్మ మీద వేలు పెట్టి. “ఎడమవైపుకి ఇంత ఒరిగిపోయానేంటి?”

“మీరలాగే నిలబడుతున్నారు. కొన్నాళ్ళుగా.”

ఆమె ఒంటికాలి మీద లేచింది. “రోజంతా జనానికి తిన్నగా నిలబడడం నేర్పేది నేను. నేను వంకరగా నిలబడతానా? నా ఒళ్ళు నాకు తెలియదా?”

“చూసిందే గీశాను.”

“అయితే సరిగ్గా చూడండి. లేదంటే ఇంకెవర్నైనా గీసుకోండి.”

పుస్తకం అతని ఒళ్ళో పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ రాత్రి అతనికి నిద్ర లేదు. తప్పెవరిదన్న ఆలోచన లేదు, రేపు రావద్దంటుందేమోనన్న భయం ఒక్కటే. మర్నాడు ఆమెను తిన్నగా గీశాడు. పెన్ను ఒక వైపు లాగుతుంటే, చెయ్యి ఇంకో వైపు లాక్కొచ్చాడు. ఆమె చూసి, “ఇప్పుడు కుదిరింది,” అంది. ఆ మెచ్చుకోలు అతనికి రుచించలేదు. అయినా ఆదివారం తప్ప ఎనిమిది రోజులూ అలాగే గీశాడు.

అరవయ్యో రోజు మధ్యాహ్నం స్టూడియో పెద్దావిడ పుస్తకాన్ని మెల్లగా, ఒక్కో పేజీ చూసింది. అతని మోకాలు బల్లని తన్నుతోంది. “ఫరవాలేదు, మనుషులు నేల మీద నిలబడ్డారు,” అంది. అతను ఊపిరి తీసుకోబోయాడు. ఇంతలో ఆవిడ బొటనవేలితో పుస్తకం అంచు వంచి పేజీలు గబగబా వదిలింది. కార్టూన్లు తీసేవాళ్ళ అలవాటు అది.

మూలనున్న ముఖం లేని అమ్మాయి కదిలింది. కదులుతూ, కొంచెం కొంచెంగా ఎడమవైపుకి ఒరుగుతూ వచ్చింది. చివర్లో ఉన్నట్టుండి కర్రలా బిగుసుకుపోయింది.

“ఈ అమ్మాయికి కుడివైపు నొప్పి,” అంది పెద్దావిడ. “రోజురోజుకీ ఆ కాలి మీద బరువు పెట్టడం మానేస్తోంది. చివరి ఎనిమిది రోజుల్లో తగ్గిపోయిందా?”

“నొప్పా?” అన్నాడు. “నొప్పని నాకు తెలియదండీ.”

“నీ చేతికి తెలిసింది. మరి ఈ చివరివి?”

“ఒరిగినట్టు గీస్తే తనకి నచ్చలేదని...”

“నచ్చేట్టు గీసేవాళ్ళు నాకు కావలసినంతమంది ఉన్నారు బాబూ. రేపు సాయంత్రంలోగా అదే అమ్మాయిని చూసింది చూసినట్టు గీసి తీసుకురా. లేకపోతే కుర్చీలే గీసుకో.”

స్టూడియో నుంచి క్లినిక్‌కి వాన్లో దాదాపు పరిగెత్తాడు. దారి పొడుగునా అతన్ని తొలిచేసింది ఉద్యోగం కాదు. నెలన్నర పాటు ఆ అమ్మాయిని అంత శ్రద్ధగా చూశాడు, ఏ తుంటి లేచిందో ఏ భుజం దిగిందో మిల్లీమీటరుతో సహా చూశాడు, ఎందుకు లేచిందో మాత్రం ఒక్కసారి కూడా అడగలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

హాల్లో ఆమె ఒక్కతే ఉంది, చాప చుడుతూ.

“పుస్తకం నెగ్గిందా?” అంది.

అతను ఆమె ముందు పేజీలు వదిలాడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. మూడోసారి ఆమే పుస్తకం లాక్కుని తనే వదిలింది. రోజూ పేషెంట్ల చార్టులు చూసే కళ్ళు అవి. ముప్ఫయ్యో పేజీ దగ్గర వేలు ఆగింది.

“తుంటి పెద్దాయన జారిపోయిన రోజు,” అంది నెమ్మదిగా. “మంచం మీద నుంచి ఆయన జారుతుంటే పట్టుకున్నాను. నడుం దగ్గర కలుక్కుమంది. అదే పోతుందనుకున్నాను.”

“ఎవరికైనా చెప్పారా?”

“చెబితే పెద్ద డాక్టరు ఇంటికి పంపించేస్తారు. పదిమంది పేషెంట్లు సగంలో ఉన్నారు.” వేలు ఇంకా ఆ పేజీ మీదే ఉంది. “మీరు నన్ను ఒరిగినట్టు గీసినప్పుడు నాకు అందుకే కోపం వచ్చింది. ఎవరో తలుపు తీసి చూసేసినట్టనిపించింది. మరి తరవాత ఎందుకు మార్చేశారు? మీరు కూడా నాకు అబద్ధం చెప్పారు.”

“మళ్ళీ రావద్దంటారని భయపడ్డాను.”

“రాకపోతే ఏం, బొమ్మలేగా.”

“బొమ్మలు బస్టాండులో కూడా దొరుకుతాయి,” అన్నాడు. ఇంక ఆపుకోవడం అతని వల్ల కాలేదు. “మీరంటే నాకు ఇష్టం. మీకు నొప్పిగా ఉందని తెలిశాక నిలబడలేకపోతున్నాను. రేపు ఒక బొమ్మ ఇస్తే ఉద్యోగం వస్తుందట. మీరు గీయొద్దంటే గీయను. కానీ ముందు డాక్టరుకి చూపించుకోండి. చూపించుకోకపోతే నేనే వెళ్ళి చెప్పేస్తాను, మీకు ఎంత కోపం వచ్చినా సరే.”

ఆమె పేజీలు వెనక్కి తిప్పింది. తరవాత, “ఇష్టమన్న సంగతి ఇరవయ్యో పేజీలోనే తెలిసింది,” అంది. “పెద్దాయన బొమ్మ ఐదు గీతలు, నా వాటా నలభై గీతలు. నడుం ఇంత ముదిరిందని మాత్రం నాకు తెలియలేదు.”

“మరి మీకు?”

“అమ్మగారి భుజం బాగయ్యాక కూడా మీ కుర్చీ ఎవరికీ ఇవ్వలేదు కదా. ఇంకేం చెప్పాలి?” గోడకి చెయ్యి ఆనించి, మొదటిసారి దాచుకోకుండా, కుడికాలి మీద నుంచి బరువు తీసేసి నిలబడింది. నొప్పికి పెదవి బిగించింది. “గీయండి. తొందరగా. ముఖం కూడా గీయండి.”

అతను గీశాడు. పెన్ను ఎక్కడా అబద్ధమాడలేదు. రెండు నిమిషాలవగానే పుస్తకం మూసి, ఆమె చెయ్యి పట్టుకుని పెద్ద డాక్టరు గది దాకా నడిపించాడు. డాక్టరు పరీక్ష చేసి, నెలరోజులు ఇల్లు కదలడానికి వీల్లేదన్నాడు.

మర్నాడు సాయంత్రం ఆరింటికి స్టూడియో మెట్ల మీద నుంచే ఆమెకు ఫోన్ చేశాడు.

“సోమవారం నుంచి రమ్మన్నారు,” అన్నాడు.

“నాకు తెలుసు.” అవతల ఆమె గొంతులో సంతోషం, దాని వెనకే విసుగు. “ఇక్కడ నాకు పిచ్చెక్కుతోంది. నాన్న మంచినీళ్ళు కూడా లేచి తాగనివ్వడం లేదు. పుస్తకం పట్టుకుని రాకూడదా?”

“వస్తున్నాను. అమ్మ కూడా వస్తానంటోంది.”

“అమ్మగారా? ఎందుకు?”

“మీ నాన్నగారితో మాట్లాడుతుందట.”

అతను ఫోన్ చెవికి నొక్కుకుని మెట్లు దిగాడు, ఎక్కాడు, మళ్ళీ దిగాడు.

“రండి,” అంది ఆమె చివరికి. “గుమ్మం దాకా ఎదురు రాలేదని అమ్మగారిని ఏమీ అనుకోవద్దని చెప్పండి. నాకు నొప్పిగా ఉంది. కూర్చునే ఉంటాను.”