జలుబు మీద పీహెచ్‌డీ

సోమవారం ఇస్తానన్న జాకెట్టు గురువారానికి కూడా కత్తిరించకపోయేసరికి కృపకు ఒళ్లు మండింది.

“రేపే మా కాలేజీలో సెమినారండీ. ఇవాళ కూడా లేదంటే ఎలాగ?”

గుణదల కొండకు వెళ్లే దారిలో ఆ టైలరింగ్ షాపు నతానియేలుది. కర్చీఫ్ అడ్డం పెట్టుకుని తుమ్మాడు.

“జలుబండీ. మూడు రోజులు షాపే తియ్యలా. యాంటీబయాటిక్ వేసుకున్నా తగ్గలేదు.”

“ఎలా తగ్గుద్ది? అది బ్యాక్టీరియాకి పనిచేసే మందు. మీకొచ్చింది వైరస్.”

“మీరు డాక్టరాండీ?”

“కాదు. జలుబు మీద పీహెచ్‌డీ చేస్తున్నా.”

“దీని మీదా?” అన్నాడు ముక్కు తుడుచుకుంటూ. “కూచోండి. సాయంత్రానికి కుట్టిచ్చేస్తా. ఈలోగా దాని సంగతేంటో చెప్పండి.”

కృపకు నవ్వొచ్చింది. కూర్చుంది.

“వైరస్ మన కణంలో దూరి, తనక్కావలసిన ప్రొటీన్లన్నీ ఒకే పొడుగాటి గొలుసుగా తయారు చేయించుకుంటుంది, మీ గుడ్డ తానులాగ. ముక్కలు చేస్తేనే పనికొస్తుంది. ఆ ముక్కలు చేసే ఎంజైములు కూడా అందులోనే ఉంటాయి. తమను తాము కోసుకుని బయటపడి, మిగతాది కోస్తాయి. అంతటితో ఊరుకోవు. మన కణం తన ప్రొటీన్లు చేసుకునే సరంజామాను కూడా కత్తిరిస్తాయి.”

నతానియేలు కత్తెర ఆపాడు. “నా షాపులో దూరి, నా గుడ్డతో వాడి చొక్కాలు కుట్టించుకుంటూ, నా ఆర్డర్లు ఆపేస్తాడన్నమాట. మరి ఎక్కడ కొయ్యాలో దానికెట్టా తెలుస్తుందండీ? చాక్ గీత ఉండాలిగా?”

కృప అతని వంక తేరిపార చూసింది. నాలుగేళ్లుగా ఆమె చేస్తున్న పని ఆ గీత గురించే. గొలుసులో కొన్ని అమైనో ఆమ్లాలు ఫలానా వరసలో ఉన్న చోటే ఎంజైము కోస్తుంది. ఆ వరసను పోలిన మందును దాని నోట్లో ఇరికించి, కోయకుండా ఆపాలని ఆమె ప్రయత్నం. ఆ మాటే చెప్పింది. అతను మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూడలేదు.

ఆ తర్వాత కృప చీరలన్నిటికీ ఫాల్స్ అవసరమయ్యాయి. వానలు మొదలయ్యాక, గొడుగు సంచిలోనే ఉన్నా, షాపులో ఆగిపోయేది.

ఒకరోజు సూటిగా చెప్పింది. “అమ్మ ఓ సంబంధం చూసింది. అబ్బాయికి బెంజ్ సర్కిల్ దగ్గర ఆఫీసంట. ల్యాబ్ మానేస్తే బావుంటుందన్నాడు. వద్దన్నా. మీరు నచ్చారని కూడా ఇంట్లో చెప్పేశా.”

మిషను ఆగిపోయింది.

“నేను ఇంటర్ తప్పినోణ్ణండీ.”

“మార్కులు అడగలా. ఇష్టమా, కాదా?”

“వానొచ్చినప్పుడల్లా ఇంకాస్త కురవాలని ప్రార్థన చేసుకునేవాణ్ణండీ,” అన్నాడు నతానియేలు మెల్లగా.

ఆదివారం చర్చిలో పూజ కాగానే కృప తల్లి అమలమ్మ ఒక్కతే షాపుకెళ్లింది. రిటైరైన తెలుగు టీచరు ఆవిడ. తిరిగొచ్చేసరికి మధ్యాహ్నమైంది. గుమ్మంలోనే నిలబడి ఉంది కృప.

“ఆ మందు కుదిరితే ఎంజైము కొయ్యలేదు. గొలుసు గొలుసుగానే పడుంటుంది. వైరస్ పెరగదు. అంతేగా?” అంది అమలమ్మ కుర్చీలో కూలబడుతూ.

కృప వచ్చి ఆవిడ పక్కన కూర్చుంది. “అంతేనమ్మా.”

“ఇన్నేళ్లూ నాకెందుకు చెప్పలేదే?”

“నువ్వెప్పుడూ అడగలేదమ్మా.”

అమలమ్మ కొంగుతో చెమట తుడుచుకుంది.

“అతను అడిగాడుగా,” అంది. “వచ్చే ఆదివారం వాళ్ల నాన్న జీవరత్నం గారిని భోజనానికి రమ్మన్నా. ఆ ఒక్కరోజన్నా ల్యాబ్ అని పరిగెత్తకుండా ఇంట్లో ఉండు.”